రాయగడ కోర్టు నుంచి విదేశీ లీగు దాకా: బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయికీ, ఆమె ఇంటివాళ్ళకీ

ముందు టేపు పట్టుకుని కోర్టుకి వెళ్ళండి. దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి వైపు స్కూళ్ళలోనూ మిల్లు కాలనీల్లోనూ ఉన్న సిమెంటు కోర్టులు చాలావరకు పాతవి. 2010కి ముందు మూడు పాయింట్ల గీత 6.25 మీటర్ల దూరంలో ఉండేది. ఆ ఏడాది ప్రపంచ బాస్కెట్‌బాల్ సంస్థ ఫీబా దాన్ని 6.75కి జరిపింది. పాత గీత మీదే ఏటా కొత్త రంగు వేసుకుంటూ వచ్చిన కోర్టుల్లో అమ్మాయి ఏళ్ళ తరబడి అర మీటరు దగ్గర నుంచి కొడుతూ, తనకి మూడు పాయింట్ల షాట్ వచ్చేసిందనుకుంటుంది. జాతీయ పోటీలకి వెళ్ళాక బంతి రింగు ముందు అంచుకి తగిలి వెనక్కి వస్తుంది. ఆ కాస్త దూరం కోసం భుజంతో తోయడం మొదలుపెడితే ఉన్న షాట్ కూడా పాడవుతుంది.

కొలవడం తేలిక. రింగు నడిమధ్య నుంచి దారానికి చిన్న రాయి కట్టి కిందికి వదలండి. రాయి నేలని తాకిన చోటు నుంచి గీత బయటి అంచుకి 6.75 మీటర్లు ఉండాలి. మూలల్లో మాత్రం గీత తిన్నగా పోతుంది, సైడ్‌లైన్ లోపలి అంచుకి 90 సెంటీమీటర్ల దూరంలో. రింగు పైఅంచు నేల నుంచి 3.05 మీటర్లు. కుర్రాళ్ళు వేలాడి వేలాడి రింగు ముందుకి వంగిపోయి ఉంటే, ముందువైపూ వెనకవైపూ విడివిడిగా కొలవండి. తేడా ఉంటే సరిచేయించే దాకా ఆ రింగు మీద షాట్లు లెక్కపెట్టకండి. బంతి 6వ నంబరుదే కావాలి. స్కూలు స్టోర్‌రూంలో మగపిల్లల కోసం కొన్న 7వ నంబరు బంతి ఉంటుంది. దానికంటే 6వ నంబరు చుట్టుకొలత చిన్నది, బరువు తక్కువ. రోజూ పెద్ద బంతితో ఆడి పోటీలో చిన్న బంతి పట్టుకుంటే చేతికి దూరం అంచనా తప్పుతుంది.

ఇంకోటి, 24 సెకన్ల గడియారం: బంతి చేతికి వచ్చాక షాట్ కొట్టడానికి ఉండే గడువు. మన వైపు కోర్టుల్లో అది ఉండదు కాబట్టి ఒకరు ఫోన్‌లో టైమర్ పెట్టి 24 నుంచి గట్టిగా లెక్కపెట్టాలి. రింగుకి తగిలి తిరిగొచ్చిన బంతిని (రీబౌండ్) దాడిచేసే జట్టే పట్టుకుంటే 14 నుంచి. ఈ గడియారం కింద పెరగని పిల్ల బయటి కోచ్ ముందు ఎనిమిదో సెకనులోనే కంగారుపడి బంతి వదిలేస్తుంది.

బయటి క్లబ్బు ఏం కొంటుంది

విదేశీ క్లబ్బు జీతం, ఇల్లు, విమానం టికెట్టు ఇచ్చి బయటి మనిషిని తెచ్చుకునేది తమ ఊరి అమ్మాయి చేయలేని పని కోసమే. చాలా లీగుల్లో జట్టుకి ఇంతమంది విదేశీయులే అన్న హద్దు ఉంటుంది. అంటే మీ అమ్మాయికి పోటీ అక్కడి బెంచీ మీద కూర్చున్న అమ్మాయి కాదు, అదే చోటు కోసం చూసే అమెరికా కాలేజీ క్రీడాకారిణి. 165 సెంటీమీటర్ల గార్డు (రింగుకి దూరంగా ఉండి ఆట నడిపే అమ్మాయి), రాష్ట్ర జట్టులో ఎంత బాగా ఆడినా, ఆ చోటు గెలవాలంటే మూడు పాయింట్ల షాట్ కనీసం నూటికి ముప్పై అయిదు పడాలి, అదీ ఎదురుగా డిఫెండర్ ఉండగా. పొడుగుంటే దారి కాస్త వెడల్పు. మన దేశం జట్టుకి ఆడిన గీతు అన్నా జోస్ 188 సెంటీమీటర్ల మనిషి. దక్షిణ రైల్వేలో ఆడుతూనే ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ హాక్స్ క్లబ్బుకి ఆడింది. 2011లో అమెరికా మహిళల లీగు డబ్ల్యూఎన్‌బీఏలోని మూడు జట్లు ఆమెని ట్రయల్స్‌కి పిలిచాయి. చోటు మాత్రం దక్కలేదు. ఆ లీగులో జట్టుకి ఉండే చోట్లే చాలా తక్కువ.

కాబట్టి టర్కీ, స్పెయిన్, ఫ్రాన్స్ మొదటి డివిజన్లని ఇప్పటికి పక్కన పెట్టండి. మొదటి ఉద్యోగం దొరికేది యూరప్ దేశాల రెండో మూడో డివిజన్లలో, ఐర్లండ్‌, బ్రిటన్ లాంటి చోట్ల, ఆస్ట్రేలియాలో ఎన్‌బీఎల్1 అనే కింది మెట్టు లీగులో. ఐర్లండ్, బ్రిటన్‌లలో పీజీ సీటు, ఫీజు రాయితీ, లీగులో ఆట మూడూ కలిపి ఇచ్చే ఏర్పాట్లున్నాయి. డిగ్రీ అయిన అమ్మాయికి ఇది మంచి దారి, మన వైపు ఎవరూ అంతగా పట్టించుకోరు. ఇక ఈ కింది డివిజన్లలో జీతం నెలకి కొన్ని వందల యూరోల నుంచి వెయ్యి, పదిహేను వందల దాకా. ఉండడానికి గది క్లబ్బుదే. జీతం వచ్చేది ఏడెనిమిది నెలలే, పన్నెండు కాదు. ఇంట్లో అప్పు తీర్చేద్దామన్న లెక్కతో పంపితే మొదటి ఏడాదే నిరాశపడతారు.

పదహారేళ్ళకే ఎంచుకోవాల్సిన దారి

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. మూడు దారులున్నాయి: అమెరికా కాలేజీ, రైల్వే ఉద్యోగం, నేరుగా విదేశీ క్లబ్బు. ఒకటి ఎక్కితే మిగతావి మూసుకుపోవచ్చు, అందుకే వరస ముఖ్యం.

రైల్వేలో స్పోర్ట్స్ కోటా వయసు 18 నుంచి 25. సడలింపు లేదు. రాయగడలో, బరంపురంలో ఏ ఇంట్లో అడిగినా ఆటకి ఫలితం అంటే రైల్వే ఉద్యోగమే, అందులో తప్పేమీ లేదు. సీనియర్ జాతీయ పోటీల్లో రైల్వే మహిళల జట్టుదే చాలా ఏళ్ళుగా పైచేయి, మంచి ఆట అక్కడే దొరుకుతుంది. కానీ పద్దెనిమిదేళ్ళకే జీతం తీసుకుని ఆడడం మొదలుపెడితే తర్వాత అమెరికా కాలేజీ ఆటకి అర్హత మీద ప్రశ్న లేస్తుంది. వరస తిరగేసి, కాలేజీ ముందు పెట్టుకుంటే 22కి బయటికి వస్తుంది. అప్పటికీ రైల్వేకి మూడేళ్ళు మిగులుతాయి. ఒక చిక్కు ఉంది. కోటా నోటిఫికేషన్లు ఇటీవలి రెండు మూడేళ్ళ జాతీయ స్థాయి ప్రదర్శన అడుగుతాయి. అమెరికాలో ఆడిన మ్యాచ్‌లు ఆ లెక్కలోకి రాకపోవచ్చు. కాబట్టి వచ్చిన ఏడాదే రాష్ట్ర జట్టుకి ఆడి జాతీయ పోటీల సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. రైల్వేలో చేరాక బయటికి వెళ్ళాలంటే శాఖ అనుమతి పత్రం లేకుండా అడుగు కదపకూడదు.

అమెరికా కాలేజీ దారికి తొమ్మిదో తరగతి నుంచే మార్కులు లెక్క. అక్కడి కాలేజీ ఆటలని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని డివిజన్ 1, 2లకి 9 నుంచి 12 దాకా ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సాంఘికం లాంటి పదహారు కోర్ కోర్సులు చూపాలి. డివిజన్ 1కి వాళ్ళ లెక్కలో 2.3 సగటు, డివిజన్ 2కి 2.2 ఉండాలి. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్పు ఉండదు. ఎన్‌ఏఐఏ అనే ఇంకో సంస్థ కింది కాలేజీలు, రెండేళ్ళ జూనియర్ కాలేజీలు ఇస్తాయి. మన పిల్లలకి జూనియర్ కాలేజీ తేలికగా అందే మెట్టు: రెండేళ్ళు ఆడి, ఇంగ్లీషు సరిచేసుకుని, పై కాలేజీకి మారొచ్చు. పైకి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఆకుల కవిత గ్రాండ్ కాన్యన్ యూనివర్సిటీకి, బెంగళూరు సంజనా రమేశ్ నార్తర్న్ ఆరిజోనాకి, హర్‌సిమ్రన్ కౌర్ శాన్ డియేగోకి ఆడారు. ప్లస్ టూ అయ్యాక "ఒక ఏడాది ఆగి ప్రాక్టీసు చేద్దాం, ఇంకో ఏడాది చూద్దాం" అనకండి. డివిజన్ 1లో బడి ముగిశాక ఒక్క ఏడాదే గడువు. ఆ తర్వాత కూడా పోటీల్లో ఆడుతూ పోతే ఆడే సీజన్లు కోసేస్తారు. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి, దరఖాస్తు చేసే ఏడాది ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ పేజీలో మళ్ళీ చదవండి.

ఏ రాష్ట్రం అన్నది కూడా ఈ వయసులోనే తేల్చుకోవాలి. బడి రాయగడలో ఉంటే స్కూలు గేమ్స్‌లో ఒడిశా. ఇంటర్‌కి పార్వతీపురమో విజయనగరమో పంపితే ఆంధ్ర. ఒకే ఏడాది స్కూలు ద్వారా ఒక రాష్ట్రానికీ, అసోసియేషన్ ద్వారా ఇంకో రాష్ట్రానికీ పేరు ఎక్కితే జాతీయ పోటీల గడప మీదే ఆపేస్తారు. మంచి శిక్షణ కోసం అయితే పడమర వైపు కూడా చూడండి. రాయగడ మీదుగా రాయపూర్ వెళ్ళే లైనులోనే ముందుకి పోతే భిలాయి. 2018లో కన్నుమూసిన కోచ్ రాజేశ్ పటేల్ అక్కడ తయారుచేసిన అమ్మాయిలు దేశం జట్టు నిండా ఉండేవాళ్ళు. దాని పక్కనే రాజ్‌నంద్‌గావ్‌లో స్పోర్ట్స్ అథారిటీ కేంద్రం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా పథకానికి ఎంపికైతే చేతి ఖర్చుకి నెలకి 10,000 రూపాయలు ఇస్తారు.

పేరు, పుట్టిన తేదీ

సరిహద్దు ఊళ్ళలో ఆటకంటే ముందు దెబ్బ కొట్టేది పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం ముందు, పేరు తర్వాత. ఒడిశా పదో తరగతి సర్టిఫికెట్టులో పేరు ముందు, ఇంటిపేరు వెనక. ఇంగ్లీషులో రాసేటప్పుడు మనం "త" శబ్దానికి టీ పక్కన హెచ్ పెడతాం, ఒడియా మాస్టారు ఉత్త టీ రాస్తారు. అలా సుజాత అనే ఒకే అమ్మాయి కాగితాల్లో ఇద్దరవుతుంది. ఫెడరేషన్ రిజిస్ట్రేషన్, పాస్‌పోర్టు, మార్కుల లిస్టు మూడింటిలో అక్షరం తేడా ఉన్నా వీసా దగ్గర, విదేశీ క్లబ్బుకి మారడానికి కావాల్సిన ఫీబా క్లియరెన్స్ దగ్గర ఆగుతుంది.

పద్ధతి ఇది. పదో తరగతి సర్టిఫికెట్టుని ఆధారంగా పెట్టుకోండి, ఎందుకంటే బోర్డులో దిద్దించడమే అన్నిటికంటే కష్టం. దానికి తగ్గట్టు ఆధార్‌ని మార్చండి. జనన ధ్రువపత్రంలో అదే పేరు, అదే తేదీ ఉండేలా చూడండి. ఆ తర్వాతే పాస్‌పోర్టుకి వెళ్ళండి, ఇంటిపేరు గడిలో పొడి అక్షరం కాకుండా పూర్తి ఇంటిపేరు రాయండి. పాస్‌పోర్టుకి విశాఖలో కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. పోలీసు విచారణ మాత్రం రాసిచ్చిన చిరునామాకే వస్తుంది, ఆ రోజు ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. బడిలో చేర్పించేటప్పుడు వయసు తగ్గించి రాయించినవాళ్ళు ఇప్పుడైనా నిజం తేదీకి వచ్చేయండి. వయసు తప్పు బయటపడితే నిషేధమే.

వీడియో

కోచ్‌లు మిమ్మల్ని చూసేది ఫోన్ తెర మీదే. అయినా మన వైపు నుంచి వెళ్ళే వీడియోలు చాలావరకు పనికిరావు: నిలువుగా పట్టిన ఫోను, బంతి వెంట పరుగెత్తే జూమ్, వెనక సినిమా పాట. తీయాల్సిన తీరు వేరు. ఫోను అడ్డంగా, ట్రైపాడ్ మీద, కోర్టు సగం గీతకి ఎదురుగా, నేల నుంచి మూడు నాలుగు మీటర్ల ఎత్తున. గ్యాలరీ లేకపోతే స్కూలు వరండా డాబా చాలు. సగం కోర్టూ పదిమందీ ఎప్పుడూ కనబడాలి. బంతి ఒక పక్కనుంచి ఇంకో పక్కకి పోతే ఫోను మెల్లగా తిప్పండి, జూమ్ ముట్టుకోవద్దు. 1080 క్వాలిటీ సరిపోతుంది. పవర్‌బ్యాంకు తగిలించి నాలుగు క్వార్టర్లూ ఆపకుండా తీయండి. మ్యాచ్ అయ్యాక స్కోర్‌షీటు రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి.

దాంట్లోంచి మూడు నాలుగు నిమిషాల ముక్క కత్తిరించండి. ప్రతి ముక్క మొదట్లో ఆట మొదలయ్యే ముందు ఒక సెకను ఆపి, మీ అమ్మాయి మీద గుర్తు పెట్టండి. మొదటి ముప్పై సెకన్లలో ఆమె బాగా చేసే పని రెండుసార్లు కనబడాలి. వేసిన బుట్టలొక్కటే పెట్టకండి. డిఫెన్సులో కాళ్ళు కదిలిన తీరు, స్క్రీన్ పెట్టి (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడి) రింగు వైపు తిరిగిన తీరు, రీబౌండ్‌కి ఒంటితో అడ్డుకున్న తీరు కోచ్ వెతుకుతాడు. ముక్కతోపాటు రెండు పూర్తి మ్యాచ్‌ల లింకులు ఇవ్వాలి, అందులో ఒకటి బలమైన జట్టుతో ఓడినదైనా పరవాలేదు. లింకు కింద జెర్సీ నంబరు, పుట్టిన సంవత్సరం, చెప్పుల్లేకుండా ఎత్తు, నిలబడి చెయ్యెత్తితే అందే ఎత్తు, చేతులు చాపిన పొడవు, అన్నీ సెంటీమీటర్లలో రాయండి. ఎత్తుకి రెండు సెంటీమీటర్లు కలపడం మన దగ్గర మామూలే, కానీ అక్కడ మొదటి రోజే గోడకి నిలబెట్టి కొలుస్తారు. అమెరికా కాలేజీలకైతే పెద్ద కోచ్‌కి కాకుండా సహాయక కోచ్‌కి మెయిలు పంపండి. ఆటగాళ్ళని వెతికే పని వాళ్ళదే.

ఒళ్ళు

పరీక్షల్లో మొదటివి హీమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు). మన కొండ జిల్లాల్లో సికిల్ సెల్ ఎక్కువ. జబ్బు బయటపడకుండా దాని జన్యువు మాత్రం మోస్తున్నవాళ్ళు కూడా ఎండలో నీళ్ళు తాగకుండా గట్టిగా పరుగెత్తితే ప్రమాదం, కాబట్టి ఈ ఫలితం కోచ్‌కి తెలియాలి. హీమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే ఎంత ప్రాక్టీసు చేయించినా మూడో క్వార్టరుకి కాళ్ళు ఆగిపోతాయి. ముందు డాక్టరు చేత దాన్ని సరిచేయించండి. అరవై కిలోల అమ్మాయికి రోజుకి తొంభై గ్రాముల దాకా ప్రొటీను కావాలి. నాలుగు గుడ్లు పాతిక గ్రాములే. మిగతాది చేప, పప్పు, శనగలు, పెరుగుల్లోంచి రావాలి. రాగి అంబలి మంచిదే, కానీ అదొక్కటే సరిపోదు.

మోకాలి లోపలి లిగమెంటు తెగడం మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో చాలా ఎక్కువ. సిమెంటు కోర్టు మీద దూకి దిగడం దాన్ని ఇంకా పెంచుతుంది. వారానికి మూడుసార్లు, ప్రాక్టీసుకి ముందు పదిహేను నిమిషాలు: ఒంటి కాలి మీద దిగి రెండు సెకన్లు కదలకుండా నిలవడం, మోకాలు లోపలికి వంగకుండా చూసుకోవడం, మడమలు ఎవరైనా పట్టుకుంటే మోకాళ్ళ మీద నుంచి మెల్లగా ముందుకి వాలడం. తెగితే ఆపరేషన్, ఆ తర్వాత కోర్టులోకి రావడానికి కనీసం తొమ్మిది నెలలు.

దగ్గు మందు జాగ్రత్త. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే చాలా దగ్గు సిరప్పుల్లో టెర్బ్యుటలిన్ ఉంటుంది. అది డోపింగ్ జాబితాలో ఉన్న మందు. సీసా మీద పేరు చదవకుండా, టీమ్ డాక్టరుకి చెప్పకుండా ఏ మందూ తాగకూడదు. నాటు బలం పొడులు అసలే వద్దు.

ఏజెంటు, ఒప్పందం

పద్దెనిమిది నిండకుండా ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్బుకి మారడాన్ని ఫీబా ప్రత్యేక సందర్భాల్లో తప్ప ఒప్పుకోదు. పదహారేళ్ళ పిల్లని పంపుతానన్నవాణ్ణి అక్కడే ఆపేయండి. ఏజెంటుకి ఫీబా లైసెన్సు ఉండాలి, పేరు ఫీబా సైటులో వెతికితే కనబడుతుంది. అతని కమిషను సాధారణంగా పది శాతం, యూరప్‌లో ఎక్కువగా క్లబ్బే కడుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రయల్ ఫీజు, వీసా డిపాజిట్ అంటూ ముందే డబ్బు అడిగితే అతను ఏజెంటు కాదు.

ఒప్పందంలో జీతం పక్కన "నెట్" అని ఉందో లేదో చూడండి. లేకపోతే పన్ను పోగా చేతికి వచ్చేది బాగా తగ్గుతుంది. గాయపడ్డా జీతం ఆగదు అన్న గ్యారంటీ మాట ఉండాలి. వైద్య పరీక్ష చేరిన రెండు మూడు రోజుల్లో అయిపోవాలి, అది పాసయ్యాక ఒప్పందం ఖాయమైనట్టే అని రాసి ఉండాలి. "ముప్పై రోజులు ఆట చూసి నిర్ణయిస్తాం" అనే వాక్యం ఉంటే సంతకం పెట్టకండి. రానూ పోనూ టికెట్లు ఎన్ని, గది ఒక్కరికా పంచుకోవాలా, మోకాలి ఆపరేషన్ బీమాలోకి వస్తుందా, జీతం ఇన్ని రోజులు ఆలస్యమైతే ఆట ఆపి మిగతా జీతం అంతా అడిగే హక్కు ఉందా అన్నవి ఒక్కొక్కటీ వేరే వాక్యంగా కనబడాలి. చివర్లో జెనీవాలోని బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ తగవు తీరుస్తుందన్న వాక్యం, ట్రిబ్యునల్ తన సైటులో ఇచ్చిన మాటల్లోనే ఉండాలి. అది లేకపోతే క్లబ్బు జీతం ఎగ్గొట్టినప్పుడు పరాయి దేశం కోర్టులో పరాయి భాషలో వాదించుకోవాలి.

సంతకం అయ్యాక ఆ దేశం ఫెడరేషన్ మన బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాని క్లియరెన్స్ లేఖ అడుగుతుంది. ఇక్కడ ఇంకో క్లబ్బుతో ఒప్పందం నడుస్తుంటే తప్ప దాన్ని ఆపకూడదు. వీసా పని చేసుకునే వీసానే కావాలి. "టూరిస్టు వీసా మీద రండి, వచ్చాక మార్పిస్తాం" అంటే వెళ్ళకండి. లీగు రిజిస్ట్రేషన్ జరగదు, తిరిగి వచ్చే టికెట్టు మీ డబ్బుతోనే. పదో తరగతి తప్పినవాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం అన్న గుర్తు) ఉంటుంది. థాయిలాండ్, మలేషియా, గల్ఫ్ దేశాల్లో పనికి వెళ్ళాలంటే అదనంగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి.

చేరాక

మొదటి మూడు వారాలు ప్రీ సీజన్. ఆ రోజుల్లో కోచ్ చూసేది మాట వింటుందా అన్నది. అవతలి జట్టు పిక్ అండ్ రోల్ (స్క్రీన్ పెట్టి రింగు వైపు తిరిగే ఎత్తుగడ) ఆడినప్పుడు, ఎవరు ఎవర్ని ఎలా ఆపాలో చెప్పే "స్విచ్", "డ్రాప్", "హెడ్జ్" అనే మాటల్లో ఒకటి వెనక ఉన్న పొడుగమ్మాయి ముందే అరవాలి. మన పిల్లలు ఆట తెలిసి కూడా నోరు తెరవక బెంచీ మీదికి వెళ్తారు. ఆ అరుపులు ఇక్కడి ప్రాక్టీసులోనే ఇంగ్లీషులో అలవాటు చేయండి.

జీతం అమ్మాయి పేరు మీది ఖాతాలోకే రావాలి, బంధువు ఖాతాలోకి కాదు. పన్నులో బయల్దేరే తేదీకి విలువ ఉంది. ఉద్యోగానికి వెళ్ళిన మనిషి ఆ ఆర్థిక సంవత్సరంలో దేశంలో 182 రోజులకంటే తక్కువుంటే నాన్‌రెసిడెంట్. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా 183 రోజులు. అంటే అక్టోబరులో విమానం ఎక్కితే అక్కడి జీతం ఇక్కడి లెక్కలోకి కూడా వస్తుంది, సెప్టెంబరు మొదటి వారంలో ఎక్కితే రాదు. సంక్రాంతికి వచ్చి వెళ్ళిన రోజులు కూడా కలపాలి. సంతకానికి ముందే ఆడిటరుకి తేదీలు చూపించండి. జీతం ఆపినా, పాస్‌పోర్టు లాక్కున్నా విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం ఫొటోలు ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉండాలి.

యూరప్ సీజను ఏప్రిల్‌తో ముగుస్తుంది, క్లబ్బులు కొత్తవాళ్ళని ఎక్కువగా మే నుంచి ఆగస్టు దాకా తీసుకుంటాయి. కాబట్టి ఆ సీజను వీడియో, గణాంకాలు ఏప్రిల్ ఆఖరుకే ఏజెంటు దగ్గర ఉండాలి. డిసెంబరు, జనవరిల్లో గాయపడ్డవాళ్ళ చోట్లు ఖాళీ అవుతాయి. అప్పుడు వారం పది రోజుల్లో రమ్మంటారు, చెల్లే పాస్‌పోర్టూ పోలీసు క్లియరెన్సూ చేతిలో ఉన్న అమ్మాయినే తీసుకుంటారు.